హారన్ మోగితే భోంచేసే దూడలు

ఒతసీలియా ముసలమ్మకి ఇద్దరు అల్లుళ్ళు, ఏటి ఒడ్డున ఒక్కటే పల్లపు పొలం. చలికాలంలో చుట్టుపక్కల గడ్డి ఎర్రబడి చచ్చినా, అక్కడ విత్తిన చలిగడ్డి మాత్రం నిగనిగలాడుతూ లేచేది. ముసలమ్మ మధ్యన తీగ కంచె వేయించి, చెరో సగమూ చెరో కోడెదూడల మందా ఇచ్చి, వసంతానికి ఎవరివి ఎక్కువ తూగితే పొలమంతా వాళ్ళదేనని తేల్చేసింది.

పెద్దల్లుడు ఇల్దోకి పట్నంలో దుకాణముంది, ఓడినా పోయేదేమీ లేదు. చిన్నల్లుడు అద్రోవాల్దో ఓడితే మాత్రం అతని భార్య జైదా మూటాముల్లే సర్దుకుని ఆడబిడ్డ ఇంట్లో ఓ మూల పడుండాలి. ఆ ఆడబిడ్డ నోరు తలుచుకుంటేనే జైదాకి ముద్ద దిగేది కాదు.

చలిగడ్డి ఎంత పచ్చగా ఉన్నా నీళ్ళ గడ్డి. ఎదిగే దూడకి దానికి తోడు కాస్త మొక్కజొన్న నూక పడితేనే ఒంటికి పట్టేది. కాస్తంటే కాస్తే. అయితే అద్రోవాల్దోది కాస్తతో సరిపెట్టే వంశమా? వాళ్ళింట్లో కాల్చిన మాంసం తిన్న చుట్టం లేవలేక మొత్తుకుంటే తప్ప మర్యాద జరిగినట్టు కాదు. దూడలకీ అదే మర్యాద. తెల్లారకముందే మాతే ఆకుల కషాయం నింపిన సొరబుర్ర చేత పట్టుకుని, పాత పికప్ బండి నిండా నూక వేసుకొచ్చి, గేటు దగ్గర హారన్ మోగించేవాడు. దూడలు పరుగెత్తుకొచ్చేవి.

"చూడవే జైదా, పిలిస్తే పలుకుతున్నాయి! మీ బావవి తోకైనా ఎత్తవు."

"ఎలా ఎత్తుతాయి? వాటి నోట్లో గడ్డుంది."

"గొడ్లు గడ్డి తింటాయే పిచ్చిదానా. నావి భోంచేస్తాయి."

నిజమే, పెళ్ళివారిలా భోంచేశాయి. మంచి మేత వేళంతా గేటు దగ్గర బురదలో నిలబడి, ఏ ఇంజను చప్పుడైనా మెడలు సాచేవి. ఓ ఆదివారం గేటు తెరిచి ఉంటే ఫాదర్‌గారి మోటార్‌సైకిల్ వెంటపడి చర్చిదాకా పోయాయి. ఆ యేడు పూజకి అంతటి జనం ఎన్నడూ రాలేదు.

"నా దూడలకి భక్తి కూడా అబ్బింది," అన్నాడు అద్రోవాల్దో.

జైదా కంచె దగ్గర నిలబడి రెండు వైపులా చూసింది. తమ వైపు గడ్డి ముట్టేవాడు లేక మోకాలు దాటింది, నూక అరక్క దూడలు పల్చగా పారుకుంటున్నాయి. అవతల ఇల్దో దూడలు పొద్దున్నే కడుపారా మేసి, మధ్యాహ్నం నెమరుకి కూర్చున్నాక అతను పోసిన రవ్వంత నూక నాకుతున్నాయి.

"ఏమయ్యా, నూక గడ్డికి తోడుండాలి గానీ సవతి అయి కూర్చుంటే ఎలా?"

"రేపట్నించి ఇంకో బస్తా పెంచుతా. నువ్వూరుకో."

ఆమె పొలం పక్కనున్న తమ కొట్టం వైపు నడిచింది. మర్నాడు బండి కదల్లేదు. బానెట్ ఎత్తితే బ్యాటరీ లేదు.

"ఇది ఇల్దో పనే!" అని ఊరంతా చాటాడు అద్రోవాల్దో. దొంగ దొరికేదాకా కొత్త బ్యాటరీ కొననని సారా కొట్లో మీసం మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. మగవాడి ఒట్టు మరి, బస్తాలు మొయ్యకుండా ఉండటానికీ పనికొచ్చింది. దూడలు గేటు దగ్గర అరిచి అరిచి, ఆకలేసి వెనక్కి తిరిగి గడ్డి చూశాయి. ఇక అక్కణ్ణించి తలెత్తలేదు. మధ్యాహ్నం జైదా తోపుడు బండిలో కాస్త నూక తెచ్చి పోసేది.

వసంతంలో అద్రోవాల్దో కొట్టం ముందు తూకం వేసిన రోజున ఇల్దో మంద కంటే చిన్నల్లుడి మందే ఓ పిసరు ఎక్కువ తూగింది.

"అత్తగారూ, పునాది నా హారన్‌దే!" అని అద్రోవాల్దో రొమ్ము విరిచాడు.

నిలబడలేని ముసలమ్మ కొట్టం మూలనున్న నూక మూట మీద కూర్చుని, ఏదో గట్టిగా గుచ్చుకుని కెవ్వుమని లేచింది. మూట విప్పితే లోపల బ్యాటరీ.

"తోడల్లుడూ, నీ దొంగ దొరికిందోయ్," అన్నాడు ఇల్దో. "నీ ఇంటి కొట్టంలోనే."

ముసలమ్మ కూతురి వంక చూసింది. కూతురు గడ్డి వంక చూసింది.

"పొలం జైదాకి," అంది ముసలమ్మ. "బ్యాటరీ నీకు నాయనా. ఒక్కటే మాట, అది ఈ గేటు దాటి లోపలికి రాకూడదు."

అద్రోవాల్దో బ్యాటరీ చంకనెత్తుకుని, మందలోంచే నడుస్తూ, అలవాటుగా "రండ్రా!" అన్నాడు. ఒక్క దూడా తలెత్తలేదు.