మరియదాసు మేస్టారు చదివిన రిపోర్టు

ఆ ఊళ్ళో ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా మరియదాసు మేస్టారి చేతిలో పడాల్సిందే. పురుగుమందు డబ్బా మీద చీటీ కావచ్చు, మార్టూరు గ్రానైటు ఫ్యాక్టరీవాళ్ళు పనివాళ్ళకిచ్చిన ఉత్తరం కావచ్చు, ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి పైనుంచి కిందికి చూసి, రెండు ముక్కల్లో తెలుగులో చెప్పేవాడు. పదకొండేళ్ళుగా ఆ హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతున్నాడు. రోజూ మార్టూరు నుంచి బస్సులో వచ్చి వెళ్ళేవాడు.

పాఠాల్లో ఆయనకు ఎక్కువ ఇష్టమైనవి ఫ్రేజల్ వెర్బులు. వాటికి ‘తోక క్రియలు’ అని పేరు పెట్టాడు. “మనకు మాత్రం లేవంట్రా? కొట్టాడు వేరు, కొట్టేశాడు వేరు, కొట్టుకుపోయాడు వేరు, కొట్టిపారేశాడు వేరు. ఇంగ్లీషువాడు ఇన్ అనో అవుట్ అనో ఓ తోక తగిలించి అదే పని చేస్తాడు. తోక మారితే జంతువే మారిపోద్ది” అనేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. ఒక్కో క్రియకు ఒక్కో తెలుగు మాట రాయించి బట్టీ పట్టించేవాడు. ఆ పట్టికలో రూల్ అవుట్ కూడా ఉంది. దాని ఎదురుగా ‘కొట్టిపారేయు, లేదని తేల్చు’ అని రాయించాడు.

దీపావళి వెళ్ళిన వారం, బడిలో మధ్యాహ్న భోజనం వండే సుబ్బరావమ్మ ఒక పెద్ద కవరు పైట చాటున పట్టుకుని వరండాలోకి వచ్చింది. నలభై ఆరేళ్ళ మనిషి. ఆమె భర్త చెంచయ్య రెండెకరాల్లో మిరప వేస్తాడు. ఆమె చెప్పడానికి సిగ్గుపడింది. ఎడమ రొమ్ములో రేగిపండంత గడ్డ తగిలిందట. ఊరి నర్సమ్మ పంపితే చిలకలూరిపేట వెళ్ళి స్కానింగ్ తీయించుకుంది.

“కాస్త చూసి చెబుతారా మేస్టారూ? రేత్తిరి నుంచీ ముద్ద దిగట్లేదండి.”

ఆయన కాగితం అందుకునేసరికి నాలుగో పీరియడ్ గంట కొట్టారు. పై నుంచి చూసుకుంటూ వచ్చాడు. తెలియని మాటలు చాలా ఉన్నాయి. వాటిని దాటుకుంటూ వచ్చి చివర తెలిసిన మాట దగ్గర ఆగాడు. ‘రూల్ అవుట్ మాలిగ్నెన్సీ’ అని ఉంది. దాని కింద, ఇంకా పరీక్షలు అవసరమని ఒక చిన్న వాక్యం ఉంది. అలాంటి వాక్యం ప్రతి రిపోర్టు కిందా ఉంటుందనుకున్నాడు. దాన్ని పైకి చదవలేదు.

“మాలిగ్నెన్సీ అంటే క్యాన్సర్. రూల్ అవుట్ అంటే కొట్టిపారేశారని. నీకు అది లేదమ్మా” అన్నాడు.

సుబ్బరావమ్మ అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుంది. “గుంటూరులో పెద్ద డాక్టరుకు చూపించమన్నారండి మరి.”

“చూపిద్దువుగానిలే. తొందరేం లేదు. ముందు చేలో పని చూసుకో.”

ఆ మధ్యాహ్నం ఆమె ఆయన కంచంలో రెండు గుడ్లు వేసింది. ఒక మనిషి గుండెల మీద బరువు తన చదువుతో దించానని ఆయనకు రోజంతా ఆనందంగా ఉంది. సాయంత్రం ఇంటికెళ్ళి భార్య లిడియాకు కూడా చెప్పాడు.

సంక్రాంతి దాటాక మిరపకోతలు మొదలయ్యాయి. చేలన్నీ ఎర్రబడ్డాయి, దారి పొడుగునా కల్లాల్లో కాయ ఆరబోశారు. ఫిబ్రవరి వచ్చేసరికి మరియదాసుకు దగ్గు పట్టుకుంది. మిరపఘాటు అనుకున్నాడు. మూడు వారాలైనా తగ్గకపోతే లిడియా పోరు పడలేక చిలకలూరిపేట వెళ్ళి ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్నాడు. రిపోర్టు తనే చదువుకున్నాడు. ‘రూల్ అవుట్ ట్యూబర్‌క్యులోసిస్.’ హాయిగా ఊపిరి పీల్చుకుని డాక్టరు గదిలోకి వెళ్ళాడు.

డాక్టరు కుర్రవాడు. కాగితం చూసి, “రెండు రోజులు పొద్దున్నే కళ్ళె తెచ్చివ్వండి, పరీక్ష చేయిద్దాం” అన్నాడు.

“టీబీ లేదని రాశారుగదండీ. ఇంక పరీక్ష దేనికి?”

“ఎక్కడ రాశారు?”

మరియదాసు వేలు పెట్టి చూపించాడు. డాక్టరు నవ్వాడు. “అలా అనుకుంటారు అందరూ. అది లేదని చెప్పడం కాదు మేస్టారూ. అనుమానంగా ఉంది, పరీక్ష చేసి ఉందో లేదో తేల్చండి అని వాళ్ళు మాకు చెప్పడం. నిజంగా లేదని తేలితే రూల్డ్ అవుట్ అని రాసేవాళ్ళు.”

మరియదాసు మొహంలో నెత్తురు లేదు. టీబీ పేరు విని బెదిరాడనుకుని డాక్టరు ధైర్యం చెప్పాడు, మందులున్నాయని, ఆరు నెలల్లో తగ్గిపోతుందని. ఆ మాటలేవీ ఆయన చెవికెక్కలేదు. బస్సులో కూర్చున్నాక వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. తను ముప్ఫై ఏళ్ళుగా, ఏ బళ్ళో ఉన్నా, పిల్లలకు చెబుతున్న వ్యాకరణమే అది. చెయ్యమని చెప్పడం వేరు, చేసేశామని చెప్పడం వేరు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఆ తేడా తప్పు రాస్తే ఎర్రసిరాతో కొట్టేసేవాడు.

మర్నాడు బళ్ళో సుబ్బరావమ్మ అన్నం వడ్డిస్తుంటే దూరం నుంచి చూశాడు. గిన్నె కుడిచేత్తోనే ఎత్తుతోంది. ఎడమచెయ్యి ఒంటికి ఆనించుకుని ఉంది. జాకెట్టు వదులైంది. వెళ్ళి చెప్పాలనుకున్నాడు. తన పరీక్ష ఫలితం రానీ, అప్పుడు చెబుదాం అని తనకు తనే గడువు పెట్టుకున్నాడు. నాలుగో రోజు ఫలితం వచ్చింది. టీబీ లేదు. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, ఈ నాలుగు రోజులు కూడా ఆమె కాలంలోంచే తీసుకున్నానని తట్టి, ఆ కాగితం మడిచి జేబులో కుక్కుకున్నాడు.

లిడియాకు చెప్పాడు. ఆమె అంతా విని, “చెప్పాల్సినవాళ్ళకు చెప్పకుండా నాకెందుకు చెబుతున్నారు?” అంది.

ఆదివారం చర్చి నుంచి అటే ఆ ఊరు వెళ్ళాడు. సుబ్బరావమ్మ కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతోంది.

“ఆ గడ్డ ఎట్లా ఉందమ్మా?”

“కాస్త పెరిగిందండి. మీరు లేదన్నారుగా, అదే పోద్దిలే అనుకున్నా.”

“ఒకసారి గుంటూరు వెళ్ళొద్దాం. నేనూ వస్తాను.”

ఆమె చేతిలో కాయలు వదిలేసి ఆయన మొహం చూసింది. “ఎందుకండీ?”

“ఊరికే. చూపించుకుంటే మంచిది కదా అని.”

పొద్దున బస్సు వేళ చెప్పి వచ్చేశాడు.

గుంటూరుకు చెంచయ్య కూడా వచ్చాడు. డాక్టరమ్మ గడ్డలోకి సూది గుచ్చి పరీక్షకు ముక్క తీసింది. వారం తర్వాత ముగ్గురూ మళ్ళీ ఆమె ఎదుట కూర్చున్నారు. క్యాన్సరేనని, చంకలో బిళ్ళలకు పాకిందని ఆమె నెమ్మదిగా చెప్పింది. చెంచయ్య రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేల చూస్తున్నాడు.

డాక్టరమ్మ నవంబరు నాటి కాగితం తిరగేసింది. “అప్పుడే పరీక్ష చేయించమని ఇందులో స్పష్టంగా ఉందే. నాలుగు నెలలు ఏం చేశారమ్మా?”

“నాదే తప్పండి. కోతల్లో పడి అశ్రద్ధ చేశా” అంది సుబ్బరావమ్మ. ఆమె ఆయన్ని కాపాడాలని అనలేదు. నిజంగానే అలా అనుకుంటోంది. చదువుకున్న మనిషి చెప్పింది తప్పయ్యే అవకాశం ఆమె బుర్రకు తట్టనే లేదు. నోరు మూసుకుని కూర్చుంటే ఆ తప్పు జీవితాంతం ఆమె మీదే ఉండిపోతుందని మరియదాసుకు తెలిసింది. ఎవరూ అడగరు, ఎవరికీ తెలియదు.

“ఆమె తప్పు లేదండి” అన్నాడు. “ఆ కాగితం నేనే చదివాను. క్యాన్సర్ లేదని రాశారని చెప్పాను. పరీక్షలు చేయించమన్న ముక్క కనబడింది. చదివి చెప్పలేదు. తొందరేం లేదన్నాను. అది తప్పని నాకు తెలిసి కూడా పది రోజులు దాటింది. కల్లంలో అడిగినప్పుడు సైతం నిజం చెప్పలేదు.”

సుబ్బరావమ్మ మెల్లగా తల తిప్పి ఆయన్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు. అర్థంకాని పాఠం వింటున్న పిల్లలా చూసింది.

“నవంబర్లోనే వచ్చుంటే?” అని అడిగాడు మరియదాసు డాక్టరమ్మను.

“గడ్డ చిన్నదిగా ఉండేది. అప్పటికే చంకలోకి పాకిందో లేదో నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు చెయ్యాల్సింది చూద్దాం.”

బయట మెట్ల దగ్గర చెంచయ్య ఆగాడు. అరుస్తాడనుకున్నాడు మరియదాసు. అరిచినా బాగుండేది.

“మాకు ఇంగ్లీషు రాదనే గదండీ మీ దగ్గరికొచ్చింది. మీకూ రాకపోతే రాదని చెబితే సరిపోయేది.”

“వచ్చనుకున్నాను చెంచయ్యా.”

చెంచయ్య మెట్లు దిగి భార్య చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు. వైద్యానికి మరియదాసు తోడు రానక్కర్లేదని మర్నాడు కబురు పంపాడు.

ముందు నాలుగు నెలలు మందులెక్కించారు. జులైలో రొమ్ము తీసేశారు. బళ్ళో వంటకు వేరే మనిషి వచ్చింది. ఆసుపత్రి కాగితాలు ఎవరు తెచ్చినా మరియదాసు ముట్టుకోవడం మానేశాడు. “నేను చెప్పకూడదు, డాక్టర్నే అడుగు, రెండుసార్లు అడుగు” అనేవాడు. మేస్టారికి పొగరెక్కిందని కొందరన్నారు. దేవుడు క్షమించాడు, ఇక మనసులోంచి తీసెయ్యమని పాస్టరుగారు చెప్పారు. మరియదాసు తలూపాడు గానీ, తను చదివింది దేవుడి రిపోర్టు కాదు గదా అనుకున్నాడు.

ఆగస్టులో ఒక సాయంత్రం బడి వదిలాక వాళ్ళింటికి వెళ్ళాడు. సుబ్బరావమ్మ పంచలో మంచం మీద కూర్చుని ఉంది. తలకు తువ్వాలు చుట్టుకుంది. కూర్చోమని ప్లాస్టిక్ కుర్చీ చూపించింది.

“డాక్టరమ్మ ఏమంటోందమ్మా?”

“బానే ఉందంటందండి. మూడు నెల్లకోసారి రమ్మంది. ఐదేళ్ళు గడిస్తేగానీ గట్టిగా చెప్పలేనంది.”

ఆయన కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు. “నా మీద కోపంగా ఉందా?”

ఆమె వెంటనే లేదనలేదు. ఆలోచించింది. “నాకే తెలీదు మేస్టారూ. కొన్ని రోజులు ఉంటది. జడేసుకుందామని చెయ్యి తల మీదికి పోయినప్పుడు ఉంటది. కొన్ని రోజులు గుర్తే రాదు. మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు, నన్నే నేను తిట్టుకునేదాన్ని. ఆ మాట మాయనతోనూ అన్నా.”

“ఏమన్నాడు?”

“ఏమీ అన్లేదు.”

అంతలో చెంచయ్య బండి మీద మిరపనారు ట్రేలు వేసుకుని వచ్చాడు. కుర్చీలో మనిషిని చూశాడు. ట్రేలు ఒక్కొక్కటే దించి గోడ నీడన వరసగా పెట్టాడు. బకెట్లో చెయ్యి ముంచి నారు మీద నీళ్ళు చిలకరించాడు. మరియదాసు లేచి నిలబడ్డాడు. వెళ్ళాలో, ఏదైనా అనాలో తెలియలేదు.

“ఐదింటి బస్సు పోద్ది” అన్నాడు చెంచయ్య, నారు వైపే తిరిగి.

“వెళ్తున్నా చెంచయ్యా” అని మరియదాసు చెప్పులేసుకుని వీధిలోకి నడిచాడు.