ఆమె ఆల్బమ్‌లో వేరొకరి పియానో

శ్యామసుందరి గుంటూరు మిషన్ స్కూల్లో ప్రార్థన గీతాలకు పియానో వాయిస్తూ పెరిగింది. మెల్‌బోర్న్ వచ్చాక బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూనే జాజ్ నేర్చుకుని, శుక్రవారాలు రెస్టారెంట్లలో వాయించేది. యాభై దాటాక, ఇల్లున్న టార్నీట్ నుంచి ఆఫీసుకు వెళ్ళే రైల్లో కూర్చుని, ట్రంపెట్లూ ట్రాంబోన్లూ శాక్సఫోన్లూ నిండిన పెద్ద బ్యాండు కోసం ఒక ఆల్బమ్‌కు సరిపడా సంగీతం రాసింది.

అందులో ఒక నిదానపు పాటంటే ఆమెకు ప్రాణం. దాని నడుమ బ్యాండంతా ఆగిపోతుంది, పియానో ఒక్కటే పలుకుతుంది. ఆ చోట ఆమె స్వరాలేమీ రాయలేదు. రికార్డింగ్ రోజున చేతికి తోచింది వాయిద్దామని ఖాళీగా వదిలేసింది.

తీరా స్టూడియోలో ఆ చోటు వచ్చేసరికి, అంతమంది పేరున్న వాద్యకారులు ఊపిరి బిగబట్టి ఆమె వంక చూశారు. శ్యామసుందరి వేళ్ళు కొయ్యబారిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత ఏదో వాయించింది గానీ, పాఠం అప్పజెప్పినట్టుంది.

రికార్డింగ్ గది అద్దం అవతల భానుశ్రీ కూర్చుని ఉంది. చిన్నతనం నుంచీ శ్యామసుందరి దగ్గరే పియానో నేర్చుకుని, ఇప్పుడు యూనివర్సిటీలో సంగీతం చదువుతున్న పిల్ల. రికార్డింగ్ చూద్దామని వచ్చింది.

"భానూ, ఈ ఒక్క పాటకి నువ్వు కూర్చోమ్మా. నేను బ్యాండు సంగతి చూసుకుంటాను," అంది శ్యామసుందరి.

"నేనా? ఇది మీ సాంగ్ ఆంటీ! జస్ట్ కాసేపు బ్రేక్ తీసుకోండి, యు విల్ గెట్ ఇట్."

"టైమ్ లేదు తల్లీ."

టైమ్ ఉంది. అప్పటికింకా మధ్యాహ్నం కూడా దాటలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

భానుశ్రీ ఒక్క ప్రయత్నంలో వాయించేసింది. ట్రంపెట్ల వాళ్ళు కాళ్ళతో నేల తట్టి మెచ్చుకున్నారు. శ్యామసుందరి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

వారం తిరక్కుండానే భానుశ్రీ ఫోన్ చేసింది.

"ఆంటీ, స్టూడియో ఇంజనీర్‌తో మాట్లాడాను. అక్కడ బ్యాండ్ లేదు కదా, మీరొక్కరే వచ్చి వాయిస్తే నాది తీసేసి కలిపేస్తాడట. ఈ సాటర్‌డే వెళ్దామా?"

"అంత బాగా కుదిరింది. మళ్ళీ కెలకడం ఎందుకే?"

ఫోన్ పెట్టేశాక భర్త విజయభాస్కర్ అన్నాడు: "వెళ్ళొస్తే పోయేదేముంది? నేను దింపుతాగా."

"పిల్లకి పేరొస్తుంది, రానివ్వండి."

ఆ మాటే అందరికీ చెప్పింది. చెప్పగా చెప్పగా తనూ సగం నమ్మింది. మిగతా సగం భయం.

ఆల్బమ్ వచ్చింది. విన్నవాళ్ళందరూ ఆ పియానో గురించే మాట్లాడారు. ఆల్బమ్ విడుదల సందర్భంగా పెట్టిన కచేరీ నాడు ఫుట్‌స్క్రేలోని ఒక హాల్లో శ్యామసుందరే పియానో ముందు కూర్చుంది. ఇవాళైనా తనది తాను వాయించాలనుకుంది.

బ్యాండు ఆగింది. ఈసారి వేళ్ళు తడబడలేదు, హాయిగా కదిలాయి. సగం దూరం వెళ్ళాక గాని ఆమెకు తెలియలేదు, అది స్వరం పొల్లుపోకుండా భానుశ్రీ వాయించిందేనని. పక్కకు తప్పుకుందామని చూసింది. ఆ పాటలో ఆమెకు వేరే దారి కనబడలేదు.

చప్పట్లు సద్దుమణిగాక భానుశ్రీ దగ్గరికొచ్చింది. కళ్ళలో నీళ్ళు.

"నాది ఎందుకు వాయించారు ఆంటీ? మీది విందామని వచ్చాను."

అంతలో ఎవరో పెద్దాయన ఆల్బమ్ చాపి సంతకం అడిగాడు. శ్యామసుందరి పెన్ను తీసి భానుశ్రీ చేతిలో పెట్టింది.

కారులో ఇంటికి వెళ్తుండగా, టార్నీట్ మలుపు దగ్గర భర్తతో అంది: "ఆ శనివారం వెళ్ళాల్సిందండీ."

విజయభాస్కర్ కారు కాస్త నెమ్మదిగా పోనిచ్చాడు.