ఉతకని షూకా

ఉద్యోగంలో చేరిన రోజే సఫారీ లాడ్జివాళ్ళు సిరోంకా ఒంటి మీది షూకాను, మసాయిలు చుట్టుకునే ఎర్రగుడ్డను, విప్పించి ఖాకీ బట్టలు తొడిగించారు. ఆవుల వాసన పోయేదాకా సబ్బుతో రుద్దుకోమన్నారు. మసాయి మనిషి వాసన తగిలితే ఏనుగులు నిలబడవు మరి. ఎందుకు నిలబడతాయి? మగాళ్ళమనిపించుకోవడానికి వాటి ఒంట్లో ఈటెలు దించినవాళ్ళు అతని ఊరినిండా ఉన్నారు. సిరోంకా దించలేదు గానీ, దించినవాళ్ళ పక్కన నిలబడి కేకలు వేశాడు. అదేమంత తక్కువ పాపం కాదు.

ఇరవై రెండేళ్ళు ఆ ఖాకీలోనే, ఏనుగుల్ని చూడవచ్చే దొరలకు జీపు నడిపాడు. మందకు పెద్దదైన చీలుచెవి ఏనుగు ఆ ఇరవై రెండేళ్ళూ అతని జీపును నమ్మింది. దాన్ని కోకో అనేవాడు, నాయనమ్మ అని. ఒకసారి మిట్టమధ్యాహ్నం గున్నను జీపు నీడలో పడుకోబెట్టి తను పక్కనే కాపలా నిలుచుంది. లోపలి దొరలు భోజనానికి వేళ దాటిపోతోందని సణిగినా, సిరోంకా రెండు గంటలు ఇంజను ముట్టుకోలేదు. ఆ సంగతి ఇంటికెళ్ళి నెల రోజులు చెప్పుకున్నాడు.

"మీ నాయనమ్మ ఏం పెట్టిందిరా ఇవాళ?" అనేవాడు కొయ్‌నెట్. ఇద్దరూ మసాయిలే, ఒకే ఈడు, ఒకే ఊరు. అతనూ అదే లాడ్జిలో ఇంకో జీపు నడుపుతాడు.

"పేడ పెట్టింది. నీ వాటా నీ సీటు మీదే ఉంచాను, వెళ్ళి చూసుకో."

వానలు మొహం చాటేసిన ఏడాది విర్త్ అనే ఫొటోగ్రాఫరు దిగాడు. మోచెయ్యంత పొడుగు లెన్సులు, వాటికి దుమ్ము పట్టకుండా తడిగుడ్డలు, కదలకుండా ఆన్చుకోవడానికి బియ్యం నింపిన సంచులు. ఎండిన సరస్సులో, సిరోంకా జీపులో, నాలుగు రోజులు కాచుకున్నారు. నాలుగు రోజులూ కోకో మందను వెంటేసుకుని వచ్చింది, జీపు పక్కనుంచి నింపాదిగా చిత్తడి వైపు వెళ్ళిపోయింది.

"ఏంటయ్యా ఇది, ఏనుగా పాడి ఆవా?" అన్నాడు విర్త్, పళ్ళ మధ్య ఇసుక ఉమ్మేస్తూ. "చెవులు విప్పాలి, దుమ్ములోంచి మీదికి రావాలి. ఇలా నడిచిపోయే ఏనుగులు నా దగ్గర వెయ్యి ఉన్నాయి."

"కోపం రావాలంటే కారణం ఉండాలి గదా సార్."

ఆ కారణం విర్త్‌కు కొయ్‌నెట్ చెప్పాడు. ఆ పూటే భోజనాల దగ్గర, ఎవరూ అడక్కుండానే. మర్నాడు మేనేజరు సిరోంకాను పిలిచాడు.

"ఒక షూకా కడితే పనైపోతుందట గదా. ఇన్నాళ్ళూ చెప్పవేం? రేపు ఆయన ఫొటో ఆయనకు దొరకాలి. లేకపోతే నీ జీపు కొయ్‌నెట్ నడుపుతాడు."

కాదనడానికి నోరుంది. అనలేదు. జీపు పోతే కోకో దగ్గరికి వెళ్ళే దారే ఉండదని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. మనిషికి సాకులు ఎంత తొందరగా దొరుకుతాయో.

ఇంటి దగ్గర భార్య నాదుపోయ్, అతను ఇంట్లో చుట్టుకునే షూకాను తొట్టిలో నానబెట్టబోతోంది.

"ఉతక్కు. ఇలాగే ఇవ్వు."

"పేడ మరకలయ్యా. ఎవరికి చూపించడానికి?"

అతను చెయ్యి చాపాడు. ఆమె గుడ్డను అతని కాళ్ళ దగ్గర పడేసింది. "నాయనమ్మ అంటావు గదా దాన్ని" అని లోపలికి వెళ్ళిపోయింది.

గాలి చూసుకుని సరస్సు మధ్య మోడుకు షూకాను కట్టింది సిరోంకాయే. ముడి గట్టిగా బిగించాడు కూడా. మధ్యాహ్నానికి దుమ్ములోంచి మంద వచ్చింది. కోకో ముందు, గున్నలు మధ్యలో. ముప్ఫై అడుగుల దూరంలో కోకో ఉన్నట్టుండి ఆగింది. తొండం ఎత్తింది, చెవులు విప్పింది. ఆ తర్వాత అది వచ్చిన తీరు ఇరవై రెండేళ్ళలో అతనెప్పుడూ చూడలేదు. మోడును కూల్చి, మోకాళ్ళ మీద పడి, గుడ్డను దంతాలతో నేలకేసి పొడిచింది. విర్త్ కెమెరా ఊపిరి తీసుకోకుండా కొట్టుకుంది.

"అద్భుతం, అద్భుతం" అంటున్నాడు విర్త్.

కోకో లేచింది. తొండం గాలిలో తిప్పుకుంటూ జీపు దగ్గరికి వచ్చింది. అద్దం లేని కిటికీలోంచి తొండం కొస లోపలికి వచ్చి, స్టీరింగు మీదున్న సిరోంకా వేళ్ళను వాసన చూసింది. ముడి వేసిన వేళ్ళు. అక్కడ్నుంచి మోచేతి దాకా వెళ్ళి ఆగిపోయింది. చంపేస్తుందనుకున్నాడు. చంపినా బాగుండేది. అది వెనక్కి తగ్గింది. ఒక్కో అడుగూ వెనక్కే వేస్తూ, అతని మీంచి చూపు తిప్పకుండా. తర్వాత మందంతా గున్నలను తోసుకుంటూ, చిత్తడి వైపు కాదు, నీళ్ళు లేని కొండల వైపు పరుగెత్తింది. 

ఆ తర్వాత ఆ జీపు చప్పుడు వినిపిస్తే చాలు, ఏనుగులు మాయమయ్యేవి. ఏనుగులు కనిపించని జీపు ఎవరెక్కుతారు? రెండు నెలలు చూసి మేనేజరు దాన్ని అమ్మేశాడు, కొత్తది కొని కొయ్‌నెట్‌కు ఇచ్చాడు. సిరోంకాను గేటు దగ్గర నిలబెట్టారు. ఖాకీ తీసుకుని, కొత్త ఎర్ర షూకా ఇచ్చారు. వచ్చే దొరలకు మసాయి అంటే మసాయిలాగే కనిపించాలట. భోజనాల గదిలో గోడంత ఫొటో ఉంది. దుమ్ము, చెవులు, దంతాలు. ఎర్రగుడ్డను మాత్రం ఎవరో శుభ్రంగా చెరిపేశారు.

మొన్న సాయంత్రం కొయ్‌నెట్ కొత్త జీపు గేటు ముందు ఆపాడు. వెనక నలుగురు దొరలు. దూరంగా చీలుచెవి కనిపించింది, మంద రోడ్డు దాటడానికి వస్తోంది. గాలి సిరోంకా వీపు మీంచి అటే వీస్తోంది. అతను గబగబా షూకా విప్పి గుండ్రంగా చుట్టి రాతి కింద కుక్కాడు. నిక్కరుతో నిలబడ్డాడు. అయినా కోకో ఆగింది. తొండం ఒక్కసారి ఎత్తి, మందను వెనక్కి తిప్పేసింది.

"ఏమైంది వాటికి?" అడిగాడు వెనక కూర్చున్న దొర.

ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాలోంచి కొయ్‌నెట్ గడ్డంతో సిరోంకా వైపు చూపించాడు. "మసాయి వాసన సార్. వీళ్ళంటే వాటికి పడదు."