కిందిరంపం

మొదటి వరద తోటల్ని ముంచింది, రెండోది చర్చిని ముంచింది. ఇది ఆ రెండో వరద వచ్చిన ఏడు జరిగింది.

నీళ్ళు తీసేసరికి చర్చిలో కూర్చునే బల్లలు ఒక్కటీ మిగల్లేదు. బదులుగా ఏరు ఎక్కడినుంచో పెద్ద పెద్ద దుంగల్ని తెచ్చి ఆవరణలో పడేసి పోయింది. పాస్టరుగారు సంబరపడి గొయ్యి తవ్వించారు, మొదటి దుంగను దానిమీద అడ్డంగా ఎక్కించారు. కోయించడమే మిగిలింది. చిక్కంతా అక్కడే.

ఊళ్ళో దుంగలు కోసేవాళ్ళు ఇద్దరే, అన్నదమ్ములు. ఒకడు దుంగ మీద, ఒకడు గోతిలో నిలబడి నిలువెత్తు రంపాన్ని పైకీ కిందికీ లాగాలి. పైవాడికి దుంగమీద కోయాల్సిన గీత కనిపిస్తుంది. కిందివాడికి కనిపించేది రంపపు పొట్టే. కళ్ళలో, చెవుల్లో, నోట్లో అదే. పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ అన్న పైన, తమ్ముడు కింద. అందుకే జనం పెద్దవాణ్ణి పైరంపమనీ చిన్నవాణ్ణి కిందిరంపమనీ పిలిచేవారు. వరదకు ముందు ఒకనాడు తమ్ముడు గోతిలోంచి తల ఎత్తి, ఈ ఒక్క దుంగకూ చోట్లు మార్చుకుందామన్నాడు. నీ చేతికి గీత నిలవదు పొమ్మన్నాడు అన్న. తమ్ముడు పిడి వదిలేసి, పైకెక్కి, పొట్టు దులుపుకుని ఇంటికి పోయాడు. అప్పటినుంచి మాటల్లేవు. రంపం గోడెక్కింది.

ఇలా ఉండగా పైరంపం బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. ఏళ్ళ తరబడి ప్రార్థన చేసిన భార్యకు కాళ్ళు నేలమీద ఆనలేదు. బాప్తిస్మమిచ్చే ఆదివారం ఇంకా రాకముందే ఒక సాయంత్రం పాస్టరుగారు ఇంటికొచ్చి, ఏం నమ్ముతున్నారో చెప్పమన్నారు. మనిషి మాటల పిసినారి. అయినా దేవుడు లోకాన్ని చేశాడనీ, ఆయన కొడుకు మన పాపాల కోసం చనిపోయి లేచాడనీ తడబడకుండా ఒప్పజెప్పాడు. తలుపు చాటున భార్య పెదవులు కదుపుతూ సిద్ధంగా ఉంది గాని, అందించే అవసరం పడలేదు.

పాస్టరుగారు టీ తాగుతూ గోడమీది రంపాన్ని చూసి, అదెలా పనిచేస్తుందని అడిగారు. పైరంపం చెప్పాడు. ఆయన కప్పు కింద పెట్టేశారు.

"విశ్వాసమంటే అదేనండీ. గీత పైవాడు చూస్తాడు, కిందివాడు నమ్మి లాగుతాడు. ఆదివారం ఇదే చెబుతాను."

లోపల గిన్నెలు తోముతున్న భార్య ఊరుకోలేదు. "బాగానే ఉందండీ. కానీ ప్రభువు పైనే ఉండిపోయాడా, కిందికి దిగాడా?"

దిగాడమ్మా, దిగి శిష్యుల కాళ్ళు కూడా కడిగాడన్నారు పాస్టరుగారు నవ్వి.

"మరైతే మా ఇంట్లో ఇన్నాళ్ళూ నమ్మింది మా మరిదేనండీ. ఈయన గీత చూసుకున్నారు, అంతే."

పాస్టరుగారు నవ్వాలో మానాలో తెలియక ఖాళీ కప్పును మళ్ళీ నోటి దాకా తీసుకెళ్ళారు. పైరంపం గడ్డం గోక్కున్నాడు. ఇందాక తాను ఒప్పజెప్పిన మాటలన్నీ నిజమే. కానీ వాటిలో ఒక్కదానికోసమూ తాను పైనుంచి దిగింది లేదు.

"ఆదివారం, నమ్ముతున్నావా అని నన్ను అడుగుతారు గదా," అన్నాడు చివరికి, "దానికి జవాబు నాకింకా రాలేదండీ. వస్తే వస్తాను."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు తెల్లవారగానే రంపం భుజాన వేసుకుని తమ్ముడి వాకిట్లో నిలబడ్డాడు. తమ్ముడు పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి ఎగాదిగా చూశాడు.

"ఏం, కిందికి ఎవరూ దొరకలేదా?"

"కిందికి దొరికాడు. పైకే మనిషి కావాలి."

"ఎవడా వెర్రివాడు?"

అన్న చర్చి దారి పట్టాడు. తమ్ముడు నోట్లో నురగతోనే వెంటపడ్డాడు. చర్చి ఆవరణలో గోతిలోకి దిగుతుంటే పెద్దవాడి మోకాళ్ళు కటకటలాడాయి. తలకు గుడ్డ చుట్టుకుని కింది పిడి పట్టుకున్నాడు. తమ్ముడు మూతి తుడుచుకుని, పైకెక్కి, ఎత్తు అలవాటు లేక దుంగమీద కోడిలా అటూ ఇటూ అడుగులు వేశాడు. రెండు లాగులకే పొట్టు అన్న కంట్లో పడింది.

"ఒరేయ్, గీత మీదే పోతోందా?"

"పోతున్నట్టే ఉందన్నా. ఎందుకైనా మంచిది, అడక్కుండా లాగు."

పెద్దవాడు పకపకా నవ్వి, నోటినిండా పొట్టు పోసుకుని, లాగాడు.