ముసలోళ్ల కర్ర

నేను ఒక కర్రను. అయితే బంతిని కొట్టే కర్రను కాదు, ఆ కర్రను మోసే కర్రను. పూల్ బల్ల మీద బంతి అందనంత దూరంలో ఉన్నప్పుడు, ఎడమచెయ్యి ఆనించాల్సిన చోట నన్ను పెట్టి, నా తల మీది గాడిలో ఆ కొట్టే కర్రను, అంటే క్యూను, ఉంచి కొడతారు. ఆటలో నా పేరు రెస్ట్. ఆదోని క్లబ్బులో మాత్రం నన్ను ముసలోళ్ల కర్ర అనేవాళ్లు.

నా ఒళ్లు టేకు, తల ఇత్తడి. ఆ తలను పోత పోసినవాడు గుడిగంటలు చేసే మనిషి. ఇది ఏ ఆటకో, ఎందుకో అతనికి తెలియదు. అయినా క్యూకు గీత పడకుండా గాడులన్నీ రుద్ది రుద్ది నున్నగా చేశాడు. పైన మూడు గాడులు, పక్కన ఒకటి. ఆ పక్క గాడి ఎందుకో చాలా ఏళ్లు నాకూ తెలియలేదు.

బల్ల కింద రెండు కొక్కేల మీద నా కాపురం. అక్కడినుంచి కనిపించేవి ఎక్కువగా కాళ్లే. మనుషుల గొప్ప కాళ్లలో కూడా తెలుస్తుంది. నన్ను తీయడం నామోషీ అనుకుని, పొట్ట బల్ల మీద వేసి, ఒక కాలు గాల్లోకి లేపి, ఈత కొడుతున్నట్టు సాగేవాళ్లు. చొక్కా గుండీ ఏదో బంతికి తగిలి ఫౌల్ అయ్యేది. అయినా నన్ను ముట్టుకునేవాళ్లు కాదు.

నన్ను అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసినవాడు మద్దిలేటి. బస్టాండు వెనక లారీల మరమ్మతు షెడ్డు అతనిది. పొడుగు మనిషి, పొడుగు చేతులు. అతను కొడితే బంతి బల్ల అంచున ఉండే పాకెట్‌లో పడ్డ చప్పుడు వీధిలోకి వినిపించేది. క్యూతో కొట్టేది తెల్లబంతిని, అది పోయి రంగుబంతిని పడేయాలి. రంగుబంతి పడేమాట నిజమే. తెల్లబంతి మాత్రం బల్లంతా తిరిగి ఎక్కడ ఆగేదో దానికే తెలియదు. ఆట లెక్క చూస్తూ, బల్లను కనిపెట్టుకుని ఉండే మార్కరు ఖాజామియాకు అది నచ్చేది కాదు.

“ఒక బంతి ఏస్తివి, బాగుంది బేటా. రెండోది ఎట్ల ఏస్తావు? తెల్లదాన్ని యాడ నిలబెట్టినావో సూసుకుంటివా?”

“అది యాడన్నా ఉండనీ భాయ్. యాడున్నా కొడ్తా,” అనేవాడు మద్దిలేటి.

ఒక వేసవిలో ఇంజను బాగుచేస్తుండగా అతని ఎడమచెయ్యి ఫ్యాన్ బెల్టులో పడింది. రెండు వేళ్లు పోయాయి, మిగిలినవి వంగకుండా బిగుసుకుపోయాయి. షెడ్డును ఎలాగో నడుపుకున్నాడు గాని, క్లబ్బుకు రావడం మానేశాడు. ఈ ఆటలో కొట్టేది కుడిచెయ్యే అయినా, క్యూకు దారి చూపేవి ఎడమచేతి వేళ్లు.

చివరికి అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది భార్య నాగవేణి. ఆడవాళ్లు ఆ గుమ్మం తొక్కడం నేను అంతకుముందు చూడలేదు. ఆమె నేరుగా ఖాజామియా దగ్గరికి వెళ్లింది.

“భాయ్, ఈయప్ప ఇంట్లో గోడకల్లా సూసుకుంటా కూసుంటాడు. తింటాడు, పనికి పోతాడు, నోట్లో మాట మాత్రం లేదు. ఆడకపోయినా సరే, ఈడ కూసోనీయండి.”

ఖాజామియా వంగి, నన్ను బయటికి తీసి, మద్దిలేటి ముందు పెట్టాడు. మద్దిలేటి మొహం మాడిపోయింది.

“ముసలోళ్ల కర్ర నాకిస్తాండావా భాయ్?”

“ఇచ్చేవాడు ముసలోడే గదా. పట్టుకో.”

మొదట్లో అతని క్యూ నా గాడిలో నిలిచేది కాదు. నాతో ఆడాలంటే మోచెయ్యి పక్కకు తిప్పి, క్యూ చివరను వేళ్లతో పట్టుకుని, గడ్డం కిందినుంచి నెమ్మదిగా ముందుకు పంపాలి. బలం పెడితే క్యూ గాడిలోంచి ఎగిరిపోతుంది. బిగుసుకుపోయిన ఎడమచేత్తో నన్ను బల్లకు అదిమిపట్టడం అతనే కనిపెట్టాడు. ఆ చెయ్యి మరి దేనికీ అంతగా పనికిరాదు, నాకు మాత్రం అదే కావలసింది. బలం పోయాక అతనికి మిగిలింది నిదానం. అప్పుడు గాని తెల్లబంతి అతని కంట పడలేదు.

ఖాజామియా రంగుబంతులన్నీ తీసేసి తెల్లదాన్ని ఒక్కదాన్నే ఉంచాడు. అది అవతలి అంచుకు తగిలి, తిరిగొచ్చి, క్యూ మొన ముందు ఆగాలి. అది కుదిరాక ఎదురుగా ఒక రంగుబంతి పెట్టాడు. క్యూతో తెల్లబంతిని నడుమ తాకితే, రంగుబంతిని పంపి అది అక్కడే నిలబడుతుంది. కాస్త పైన తాకితే దాని వెంటే నడుస్తుంది. కింద తాకితే వెనక్కి వస్తుంది. ఈ చివరిదే అతనికి చిక్కలేదు. నా తల ఎత్తు, క్యూ కిందికి దిగదు.

ఒక సాయంత్రం విసుగెత్తి నన్ను బల్ల మీదే పడేశాడు. నేను పక్కకు ఒరిగాను, పక్క గాడి పైకి తిరిగి బల్ల గుడ్డకు దగ్గరగా వచ్చి నిలిచింది. అతను దాన్నే చూస్తూ ఉండిపోయాడు. అందులో క్యూ ఉంచి మెల్లగా కొట్టాడు. తెల్లబంతి ఎర్రదాన్ని తాకింది, ఒక్క క్షణం ఆగింది, వెనక్కి దొర్లుకుంటూ వచ్చింది. గంటలు పోసే ఆ మనిషికి నేను మనసులో దండం పెట్టుకున్నాను.

మరుసటి ఏడాది క్లబ్బు పోటీల్లో మద్దిలేటి ఫైనల్ దాకా వచ్చాడు. ఎదుట పత్తి వ్యాపారి పంపాపతి. ఆయన మొదట్లోనే అడ్డం పడ్డాడు.

“దెబ్బదెబ్బకూ కర్ర పెడితే అది ఆట ఎట్లయితాది?”

“పెట్టగూడదని రూల్లో లేదు సామీ. కావాలంటే నీకూ ఒకటి తెప్పిస్తా,” అన్నాడు ఖాజామియా. అందరూ నవ్వారు. పంపాపతి నవ్వలేదు.

ఆయన బాగా ఆడాడు. పాత మద్దిలేటిలాగే ఆడాడు. ఇద్దరూ చెరో ఆట గెలిచారు. గెలుపు తేల్చే మూడో ఆటలో ఆయన కొట్టిన దెబ్బకు రంగుబంతి పడింది, తెల్లబంతి కూడా దాని వెనకే పాకెట్‌లోకి పోయింది. అది ఫౌల్, వంతు మద్దిలేటికి వచ్చింది. బల్ల మీద అతనివి రెండు బంతులు, వాటి తర్వాత, చివరగా వేసి గెలవాల్సిన నల్లబంతి. ఒకటి పాకెట్ నోటి దగ్గరే ఉంది, రెండోది అవతలి అంచుకు అతుక్కుని ఉంది. తేలికదాన్ని ఎవరైనా ముందు వేస్తారు. అతను దాన్ని వదిలి అంచు దగ్గరిదానికి గురిపెట్టాడు. జనంలో గుసగుసలు లేచాయి. నా తల మీద క్యూ ఊపిరి తీసినంత మెల్లగా కదిలింది. బంతి అంచు వెంబడి పాకుతూ పోయి పడింది. తెల్లది నాలుగు అంగుళాలు జరిగి, తేలిక బంతి ముందుకొచ్చి ఆగింది. దాన్ని పైన తాకి వేశాడు. తెల్లది తీరిగ్గా నడిచి నల్లబంతికి ఎదురుగా నిలబడింది.

చివరి దెబ్బ ఎవరైనా కొట్టగలిగినంత సులువుగా మిగిలింది. కష్టమంతా అంతకుముందే అయిపోయింది. నల్లబంతి పడింది. పంపాపతి వచ్చి, కరచాలనానికి మద్దిలేటి చాచిన కుడిచేతిని వదిలి, వేళ్లు పోయిన ఎడమచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

కప్పును అద్దాల బీరువాలో పెట్టారు. పక్కనే ఎర్ర మఖమలు గుడ్డ మీద నన్నూ పెట్టారు. చింతపండుతో తోమిన నా తల దీపంలా మెరిసింది. ఎన్నో ఏళ్లు కాళ్లను చూసినదాన్ని, ఇప్పుడు మొహాలు చూస్తున్నాను. గర్వం లేదని అబద్ధం చెప్పను.

మర్నాడు సాయంత్రం మద్దిలేటి వచ్చి బల్ల కిందికి వంగాడు. కొక్కేలు ఖాళీ. తలెత్తి బీరువా వైపు చూశాడు.

“తాళం తీయండి సార్.”

“గౌరవంగా పెట్టినాం కదప్పా,” అన్నాడు క్లబ్బు సెక్రటరీ.

“కప్పు ఆడనే ఉండనీ. నా చెయ్యి నాకియ్యండి.”

సెక్రటరీ తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు.