ఎడమరెక్కలో ఆరని జిగురు

నేనొక విమానాన్ని. నవ్వకండి మరి! ఇద్దరు కూర్చుంటే మోకాళ్లు ముందుబల్లకు తగిలేంత చిన్నదాన్నే గానీ, రెక్కలున్నాయి, ఎగిరాను కూడా. కర్మాగారంలో కాదు, రావులపాలెం దగ్గర ఓ ఫర్నిచర్ దుకాణం వెనక రేకులషెడ్డులో పుట్టాను. మంచాలూ బీరువాలూ చేసుకు బతికే తాతబ్బాయి గారికి ఉన్నట్టుండి విమానం మీద మనసు పోయింది. ఊరు ఊరంతా ఆయనకేదో గాలి సోకిందనుకుంది. భార్య మాణిక్యమ్మ మాత్రం కొంగు దోపుకుని వచ్చి, "చేస్తే చేశారు గానీ, జిగురు పని నాకొదిలేయండి. మీకు ఓపిక తక్కువ" అంది.

అలా నా ఒంట్లో చెక్కా చెక్కా కలిసిన ప్రతిచోటా ఆవిడ చెయ్యి పడింది. ఆయన చిత్రిక పట్టేవారు, ఆవిడ జిగురు పూసి బిగించేది. మధ్యలో పోట్లాటలు సరేసరి.

ఎడమరెక్క దగ్గరికి వచ్చేసరికి మాణిక్యమ్మకు జబ్బు ముదిరింది. రెక్క అతికి మూసెయ్యడానికి పంతులుగారు ముహూర్తం పెట్టారు. మనుషులు భలేవాళ్లు లెండి! రెక్క వంపు దగ్గర్నుంచీ అన్నీ లెక్కలు కట్టి, చివరికి తిథీ వారమూ చూస్తారు. తీరా ఆ రోజుకి ముసురు పట్టింది. తేమలో జిగురు ఆరదు, ఎండ వచ్చేదాకా ఆగుదామన్నారు తాతబ్బాయి గారు.

"అప్పటికి నేనుండొద్దూ? మంచిరోజు దాటనివ్వకండి. నా చేత్తో అయిపోనివ్వండి" అంది ఆవిడ.

ఆయన చెక్కలు అందించారు, ఆవిడ జిగురు పూసి బిగించింది. జిగురు పైకి గట్టిపడింది, లోపల పచ్చిగానే ఉండిపోయింది. నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, చెప్పడానికి నోరేదీ?

ఆవిడ పోయాక నన్ను ఎగరేసింది వాళ్ల కూతురు శిరీష. విమానం నడపడం శ్రద్ధగా నేర్చుకుని వచ్చింది. ఎన్నోసార్లు పువ్వులా దింపింది. మొన్న మాత్రం పక్కగాలి ఒక్కసారిగా తోసేసరికి నన్ను ధబేలుమని పడేసింది. ఎడమచక్రం కాలు విరిగింది. పిల్లకు దెబ్బ తగల్లేదు గానీ, దిగి నా పక్కనే కూలబడింది.

"అమ్మ చేసిన విమానాన్ని విరగ్గొట్టేశాను నాన్నా. ఇక జన్మలో దీన్ని ముట్టుకోను" అని, పరుగెత్తుకొచ్చిన తండ్రిని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

షెడ్డుకు చేర్చాక తాతబ్బాయి గారు నన్ను ముక్కు దగ్గర్నుంచీ పరీక్షించడం మొదలుపెట్టారు. ఇంజను బోల్టులు చూశారు, బాగున్నాయి. విరిగిన కాలు చూశారు, మార్చుకోవచ్చు. తర్వాత రెక్కల మీది గుడ్డ కోసి, లోపలి దూలాలను సుత్తిపిడితో తట్టుకుంటూ వచ్చారు. గట్టి అతుకైతే టక్కున పలుకుతుంది. ఎడమరెక్క మొదట్లో మాత్రం డొల్లగా మోగింది. ఆయన చెయ్యి ఆగిపోయింది. మళ్లీ తట్టారు. ఆయన కోసమైనా టక్కుమందామని ఎంత చూశానో! నావల్ల కాలేదు.

ఉలి అంచు పెట్టగానే అతుకు విడిపోయింది. దెబ్బకు విరిగితే చెక్క పీచులు లేవాలి. ఒక్క పీచూ లేవలేదు. జిగురు ఇంకా వేలికి అంటుకుంటోంది. పక్కకు పొంగి గట్టిపడిన చోట మాణిక్యమ్మ బొటనవేలి ముద్ర గీతలతో సహా ఉంది.

ఆయన అక్కడే స్టూలు మీద చతికిలబడ్డారు. ఈ దెబ్బ తగిలి ఉండకపోతే ఏదో ఒకరోజు గాల్లోనే రెక్క ఊడేది. చెప్పకపోతే కూతురు తన తప్పేనని కుమిలిపోతుంది. చెబితే, తల్లి ఆఖరి కోరికే తన ప్రాణం తీయబోయిందని తెలుస్తుంది. అయ్యో, ఏ తండ్రికైనా రావలసిన కష్టమేనా ఇది?

శిరీష టీ తెచ్చింది. "అది కూడా నేను విరగ్గొట్టిందేనా నాన్నా?"

"కాదమ్మా. ఇది ముందునుంచీ అతకనేలేదు. ముసుర్లో జిగురు పూయొద్దని మీ అమ్మ చెబుతూనే ఉంది. నేనే తొందరపడ్డాను."

పచ్చి అబద్ధం.

"నువ్వలా దింపబట్టే బయటపడింది తల్లీ. లేకపోతే నాకు నువ్వు కూడా దక్కేదానివి కాదు."

శిరీష ఆ వేలిముద్ర చూసింది. తండ్రి మొహం చూసింది. టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టింది.

"ఇదొక్కటీ బాగుచేస్తే చాలా?"

"చాలదమ్మా. ఆ ముసుర్లో అతికినదేదీ నమ్మలేం. రెక్క మొత్తం తీసెయ్యాలి. కొత్తది వేస్తే నడుపుతావా?"

"నడుపుతాను" అంది కళ్లు తుడుచుకుని.

రంపం ఆయనే పట్టుకున్నారు గానీ చేతులు ఆడలేదు. శిరీష తీసుకుంది. "అమ్మా, ఏమనుకోకే" అంటూ కోసింది. చెక్కకు నొప్పి ఉండదంటారు మీరు. అంటే అన్నారు లెండి.

తెగిన రెక్క నేలమీద పడకుండా తాతబ్బాయి గారు రెండు చేతులా పట్టుకున్నారు.

"దించెయ్ నాన్నా, బరువు" అంది శిరీష.

ఆయన దించలేదు.