అంబులెన్సు ఫ్యాను

కద్మా కాలనీలో కూర్మారావు అంబాసిడర్ కారంటే అందరికీ నవ్వులాట. ఖర్కై నది వంతెన ఎక్కేసరికే బుస్సుమని ఆవిరి కక్కేది. ఉక్కు కంపెనీలో ఎలక్ట్రికల్ ఫిట్టరై ఉండి సొంత బండిని దారికి తేలేకపోతే పరువేం కావాలి? ఎనభై మూడు ఎండాకాలంలో పంతం పట్టాడు. ఇంజనుతో పాటు తిరిగే ఇనప ఫ్యాను పీకేసి కరెంటు ఫ్యాను పెట్టాడు. దానికి పాత డైనమో చాలదని ఆల్టర్నేటరు బిగించాడు. రేడియేటర్లో నీళ్లు కాగితేనే ఫ్యాను తిరిగేలా స్విచ్చి అమర్చాడు. అన్నీ కొత్తవే, ఫ్యాను తప్ప. అది గమ్హరియా తుక్కు దుకాణంలో, నుజ్జయిపోయిన ఓ విదేశీ అంబులెన్సు నుంచి ఊడదీసింది.

వారం తిరక్కుండా ఓ పొద్దున, రాత్రంతా కదలని బండిలో ఫ్యాను గిర్రుమంది. తాళం కూర్మారావు జేబులోనే ఉంది. బానెట్ ఎత్తి చూస్తుండగానే పక్కింటి సీతారామరావు పరిగెత్తుకొచ్చాడు, తల్లి పడిపోయిందని. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టగానే ఫ్యాను ఆగింది. ముసలమ్మ ఆసుపత్రిలో గండం గడిచి బయటపడింది.

వానలు పట్టాక మళ్లీ తిరిగింది. ఈసారి ఎదురింటి దాలమ్మకు పురిటి నొప్పులు. ఆమె బండెక్కగానే ఆగింది.

"సిచ్చి పాడయినట్టుందే," అన్నాడు కూర్మారావు. వైరింగంతా విప్పి మళ్లీ కట్టాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. దొరికి ఉంటే హాయిగా నిద్రపోయేవాడు.

"సిచ్చి కాదు మావా, అది పిలుత్తంది," అంది పెళ్లాం గౌరీదేవి.

నోరు ముయ్యమని కసిరాడు గానీ, ఆ మాట అతని బుర్రలోంచి పోలేదు.

పనిముట్లకు సెలవిచ్చి పూజించే విశ్వకర్మ పూజ వచ్చింది. కంపెనీలో ఫర్నేసులు ఆరవు గానీ, ఆ రోజు ఊళ్లో పానా పట్టేవాడు ఉండడు. కూర్మారావు ఇంకో ఆకు ఎక్కువే చదివాడు. బండికి పూర్తి విశ్రాంతి అని బ్యాటరీ వైరు కూడా ఊడదీసి, బానెట్‌కి బొట్టు పెట్టి, పానాలన్నీ పీట మీద పేర్చి పూలు చల్లాడు. మర్నాటి దాకా వాటిని ముట్టడు.

భోజనాల వేళ ఫ్యాను తిరిగింది. వైరు లేకుండా! కూర్మారావు ముద్ద వదిలేసి వచ్చి చూశాడు.

"ఎవులికో ఏటో అయింది. వైరు తగిలించు మావా."

"ఇయ్యాల పానా ముట్టకూడదే. ఎవులికేటయిందో ముందు కనుక్కో, అప్పుడు సూద్దాం."

గౌరీదేవి మండుటెండలో ఇల్లిల్లూ తిరిగింది. ఫ్యాను ఆగలేదు. ఆమె తిరిగొచ్చి గుమ్మంలో కూలబడింది.

"అందరూ బాగున్నారు. లైనంతా అడిగొచ్చినాను."

"సూసినావా? ఊరికే తిరుగుతంది," అని నవ్వబోయి ఆమె మొహం చూశాడు. చెమట ధారగా కారుతోంది. కుడిచేత్తో ఎడమ భుజం నొక్కుకుంటోంది.

"పొద్దున్నించీ సెయ్యి లాగతంది మావా. పూజ పనుల్లో సెప్పనేదు."

అప్పుడు ముట్టాడు పానా. నియమాన్ని పీట మీదే వదిలేసి బండి దగ్గరికి ఉరికాడు. తొందరలో నట్టు జారిపోతోంది. ఊరందరికీ పరిగెత్తిన బండి తన ఇంటిదానికి సిద్ధంగా లేదని తన్ను తానే తిట్టుకున్నాడు. "వత్తన్నానే గౌరీ, అయిపోయింది!" అని అరుస్తూ గట్టిగా బిగించాడు.

ఫ్యాను ఆగిపోయింది.

బండి ఎవరూ ఎక్కలేదు, వెనక సీటు ఖాళీగానే ఉంది. గుమ్మం వైపు తల తిప్పడానికి కూర్మారావుకి ధైర్యం చాల్లేదు.